బ్లాక్‌చైన్ మీద సర్టిఫికెట్ యాప్ చేయడం ఎలా: డీఐడీ నుంచి ఐపీఎఫ్ఎస్ దాకా ఏ టూల్ ఎక్కడ వాడాలి

బ్లాక్‌చైన్ మీద ఐడెంటిటీ యాప్ చేద్దాం అనగానే చాలామంది ఫస్ట్ చేసే పని ఏంటంటే సాలిడిటీ (చైన్ మీద నడిచే ప్రోగ్రామ్‌లు, అంటే కాంట్రాక్ట్‌లు రాసే లాంగ్వేజ్) ఫైల్ ఓపెన్ చేసి ఒక స్ట్రక్ట్ రాసి అందులో పేరు, ఫోన్ నంబర్, ఆధార్ అని వరసపెట్టి స్ట్రింగ్స్ పెట్టేయడం. దయచేసి అక్కడే ఆగండి. చైన్ మీద పెట్టేది ఎంత తగ్గితే యాప్ అంత బాగుంటుంది, ఈ గైడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకి ఒకటి పట్టుకుందాం. అమీర్‌పేటలో ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది అనుకోండి, బ్యాచ్‌కి 500 మంది, కోర్సు అయ్యాక అందరికీ సర్టిఫికెట్ ఇవ్వాలి, రేపు ఏదో కంపెనీ హెచ్‌ఆర్ ఆవిడ అది అసలుదా నకిలీదా అని ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ కొట్టకుండానే చూస్కోగలగాలి, పైగా ఐదేళ్ల తర్వాత ఇన్‌స్టిట్యూట్ మూసేసి బోర్డు పీకేసినా సరే ఆ సర్టిఫికెట్ చెల్లాలి. ఆ చివరి మాట ముఖ్యం. అది లేకపోతే మీకు బ్లాక్‌చైన్ అక్కర్లేదు, మామూలు డిజిటల్ సంతకం పెట్టిన పీడీఎఫ్ చాలు, 2015 నుంచి నడుస్తున్న డిజీలాకర్‌లో చైన్ ఏం లేదు, దేశం మొత్తం వాడుతోంది. క్లయింట్ వచ్చి బ్లాక్‌చైన్ కావాలి అన్నప్పుడు ముందు ఈ ప్రశ్న అడిగేయండి, సగం ప్రాజెక్టులు అక్కడే మామూలు డేటాబేస్ ప్రాజెక్టులు అయిపోతాయి, మీకూ ప్రశాంతం.

అలాగని ఇది కొత్త ఆలోచనేం కాదు. ఎంఐటీ వాళ్లు 2017లోనే 111 మంది గ్రాడ్యుయేట్లకి బ్లాక్‌సర్ట్స్ అనే పద్ధతిలో బిట్‌కాయిన్ చైన్‌కి ముడిపెట్టి డిప్లొమాలు ఇచ్చారు, 2022లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో కుల ధ్రువీకరణ పత్రాలు పాలిగాన్ అనే ఇంకో చైన్ మీదకి ఎక్కించారు. అంటే దారి ఆల్రెడీ వేసే ఉంది, మనం టూల్స్ సరిగ్గా ఎంచుకుంటే చాలు.

పాత వీడియోల జోలికి వెళ్లకండి

యూట్యూబ్‌లో దొరికే ట్యుటోరియల్స్ చాలావరకు 2021, 2022 నాటివి, అవి చూసి మొదలుపెడితే మొదటి గంటలోనే బుర్ర వేడెక్కుతుంది. ట్రఫుల్, గనాష్ అనే డెవలపర్ టూల్స్ వాడమని చెప్తే ఆ వీడియో మూసేయండి, వాటిని నడిపిన కన్సెన్సిస్ వాళ్లు 2023లోనే ఆ రెండూ ఆపేస్తున్నాం అని చెప్పేశారు. రాప్‌స్టెన్, రింకెబీ, గోర్లీ టెస్ట్‌నెట్లు (నిజం డబ్బు లేకుండా టెస్ట్ చేసుకునే చైన్లు) పోయాయి, పాలిగాన్ వాళ్ల ముంబై టెస్ట్‌నెట్ 2024లో పోయి దాని ప్లేస్‌లో అమోయ్ వచ్చింది. ఐపీఎఫ్ఎస్ అంటే చాలా కంప్యూటర్ల మధ్య ఫైల్స్ పంచుకునే నెట్‌వర్క్, దానికి బ్రౌజర్ కోసం ఉండే జేఎస్-ఐపీఎఫ్ఎస్ లైబ్రరీ ఆగిపోయి హీలియా వచ్చింది, ఫ్రీగా ఫైల్స్ పెట్టుకోనిచ్చిన ఎన్ఎఫ్‌టీ డాట్ స్టోరేజ్ పాత సర్వీస్ 2024 జూన్ 30తో కొత్త అప్‌లోడ్లు ఆపేసింది. ఎథీరియం యాప్స్ టెస్టింగ్‌కి ఇప్పుడు వాడాల్సింది సెపోలియా, చైన్ ఐడీ 11155111, ఇది ఒక చోట రాసి పెట్టుకోండి.

స్టెప్ 1: మెషిన్ రెడీ చేస్కోవడం

నోడ్ జేఎస్ ఎల్‌టీఎస్ వెర్షన్ వేస్కోండి, తర్వాత ఫౌండ్రీ, అంటే కాంట్రాక్ట్‌లు కంపైల్ చేసి టెస్ట్ చేసే టూల్స్ సెట్. విండోస్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫౌండ్రీ ఇన్‌స్టాలర్ పవర్‌షెల్‌లోనో కమాండ్ ప్రాంప్ట్‌లోనో నడవదు, డబ్ల్యూఎస్ఎల్ అయినా ఉండాలి, గిట్ బాష్ అయినా ఉండాలి. హార్డ్‌హ్యాట్ అలవాటున్నవాళ్లు అదే వాడుకోవచ్చు, తప్పేం లేదు, నేను ఫౌండ్రీ ఎందుకంటున్నానంటే టెస్టులు కూడా సాలిడిటీలోనే రాసుకోవచ్చు, స్పీడ్ కూడా బాగుంటుంది.

ఫౌండ్రీతో వచ్చేవాటిలో మనకి కావాల్సిన పనిముట్లు మూడు: ఫోర్జ్ అంటే కంపైల్, టెస్ట్, డిప్లాయ్ చేసేది, కాస్ట్ అంటే టెర్మినల్ నుంచే చైన్‌తో మాట్లాడేది, ఆన్విల్ అంటే మీ ల్యాప్‌టాప్‌లోనే నడిచే చిన్న చైన్. టెర్మినల్‌లో ఆన్విల్ అని కొడితే 8545 పోర్ట్ మీద, 31337 చైన్ ఐడీతో లేస్తుంది, ఒక్కోదాంట్లో 10,000 ఉత్తుత్తి ఈథర్‌తో 10 అకౌంట్లు ఇస్తుంది. ఆ అకౌంట్ల ప్రైవేట్ కీలు (అకౌంట్‌ని తెరిచే రహస్య తాళం చెవులు) ప్రపంచంలో అందరికీ ఒకటే, అందుకే పొరపాటున కూడా ఆ అడ్రస్‌లకి నిజం డబ్బులు పంపొద్దు, పంపిన మరుక్షణం ఊడ్చుకెళ్లే బాట్లు కాచుకుని కూర్చుంటాయి.

సెపోలియాకి వెళ్లేటప్పుడు ప్రైవేట్ కీని డాట్ ఎన్వ్ ఫైల్‌లో పెట్టే అలవాటు మానేయండి. కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్ అని ఒక కమాండ్ ఉంది, అది కీని పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి కీస్టోర్‌లో పెడుతుంది, డిప్లాయ్ చేసేటప్పుడు అకౌంట్ పేరు ఇస్తే చాలు. గిట్‌హబ్‌లోకి కీ పొరపాటున ఎక్కిపోవడం అనే గోల ఉండదు.

స్టెప్ 2: ఇన్‌స్టిట్యూట్‌కి ఐడెంటిటీ

డీఐడీ అంటే డీసెంట్రలైజ్డ్ ఐడెంటిఫైయర్, ఏ ఒక్క సంస్థ చేతిలోనూ లేని ఐడీ, వెబ్ స్టాండర్డ్స్ పెట్టే డబ్ల్యూ3సీ వాళ్లు 2022 జూలైలో దీన్ని స్టాండర్డ్ చేశారు. చూడ్డానికి మూడు ముక్కలు, మధ్యలో కోలన్లు: మొదట డిడ్ అనే మాట, తర్వాత మెథడ్ పేరు, చివర అసలు ఐడీ. తలనొప్పంతా ఆ మధ్య ముక్క దగ్గరే, ఎందుకంటే వందకి పైగా మెథడ్లు రిజిస్టర్ అయి ఉన్నాయి, అన్నీ చదవడానికి కూర్చుంటే ప్రాజెక్ట్ అక్కడే ఆగిపోద్ది. మీకు తెలియాల్సినవి మూడే.

డిడ్-కీ అంటే పబ్లిక్ కీయే ఐడీ, చైన్ లేదు సర్వర్ లేదు, కానీ కీ మార్చుకోవడం కుదరదు, స్టూడెంట్స్‌కి, టెస్టింగ్‌కి బాగుంటుంది. డిడ్-వెబ్ అంటే మీ డొమైన్‌లో డాట్ వెల్-నోన్ అనే ఫోల్డర్‌లో డిడ్ డాట్ జేసన్ అనే ఫైల్ పెడతారు, అంతే, చాలా ఈజీ, కానీ డొమైన్ రెన్యువల్ కట్టకపోతే ఐడెంటిటీ కూడా పోతుంది, పైగా నిన్న ఆ ఫైల్‌లో ఏ కీ ఉందో ఇవాళ నిరూపించే దారి లేదు. మన కండిషన్ ఏంటి, ఇన్‌స్టిట్యూట్ మూతపడినా చెల్లాలి. కాబట్టి ఇది ఒక్కటే పెట్టుకుంటే కుదరదు.

మనకి సరిపోయేది డిడ్-ఈథర్. ఈఆర్‌సీ-1056 అనే రిజిస్ట్రీ కాంట్రాక్ట్ మీద నడుస్తుంది. దీంట్లో నాకు నచ్చిన విషయం ఏంటంటే ఏ ఎథీరియం అడ్రస్ అయినా పుట్టుకతోనే ఒక డీఐడీ, రిజిస్టర్ చేయడానికి ట్రాన్సాక్షన్ అక్కర్లేదు, గ్యాస్ (చైన్ మీద చేసే పనికి కట్టే ఫీజు లెక్క) అక్కర్లేదు, కీ మార్చాలన్నా ఇంకో కీ కలపాలన్నా అప్పుడు మాత్రమే చైన్ మీద రాయాలి. రాసిన ప్రతి మార్పు ఈవెంట్‌గా ఉండిపోతుంది కాబట్టి ఫలానా బ్లాక్ నంబర్ దగ్గర ఈ డీఐడీ ఎలా ఉంది అని వెనక్కి వెళ్లి అడగొచ్చు, రిజాల్వర్‌లో (డీఐడీ ఇస్తే దాని కీలు వెతికి ఇచ్చే లైబ్రరీ) వెర్షన్ ఐడీ అనే పారామీటర్‌కి బ్లాక్ నంబర్ ఇస్తే చెప్తుంది. ఇది తర్వాత చాలా పనికొస్తుంది.

ఇప్పుడు కీలు ఎలా పెట్టాలంటే, ఓనర్ కీని హార్డ్‌వేర్ వాలెట్‌లో పెట్టి ఓనర్ గారి బీరువాలో పెట్టేయండి, రోజూ సంతకాలు పెట్టడానికి ఇంకో కీ చేసి దాన్ని రిజిస్ట్రీలో కలపండి, సర్వర్ మీద ఉండేది ఈ రెండో కీ మాత్రమే. సర్వర్ హ్యాక్ అయితే ఓనర్ కీతో దీన్ని పీకేసి కొత్తది పెట్టొచ్చు. ఇలా కలిపే కీకి గడువు సెకన్లలో ఇవ్వాలి, ఏడాదికి 3,15,36,000. ఇవ్వడం మర్చిపోతే లైబ్రరీ డిఫాల్ట్ 86,400 సెకన్లు తీస్కుంటుంది, అంటే ఒక్క రోజు, ఇవాళ అన్నీ పని చేస్తాయి, రేపు పొద్దున్న ఒక్క సంతకం కూడా వెరిఫై అవ్వదు, ఎందుకో అర్థంకాక జుట్టు పీక్కుంటారు.

డొమైన్‌ని కూడా పూర్తిగా వదిలేయొద్దు, హెచ్‌ఆర్ ఆవిడకి సున్నా ఎక్స్‌తో మొదలయ్యే అడ్రస్ చూపిస్తే ఏం అర్థమవుతుంది పాపం. డాట్ వెల్-నోన్ ఫోల్డర్‌లో డిడ్-కాన్ఫిగరేషన్ డాట్ జేసన్ అని ఒక ఫైల్ పెడితే ఈ డొమైన్, ఈ డీఐడీ ఒకరివే అని రెండు వైపులా సంతకంతో చెప్పినట్టు. డొమైన్ బతికున్నంతకాలం వెరిఫై పేజీలో ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్ పేరు చూపించొచ్చు. ఈ ఫైల్‌ని వేరే సైట్ బ్రౌజర్‌లోంచి చదవాలి కాబట్టి సర్వర్‌లో కార్స్ హెడర్ ఇవ్వడం మర్చిపోకండి.

స్టెప్ 3: సర్టిఫికెట్‌ని క్రెడెన్షియల్‌గా మార్చడం

క్రెడెన్షియల్ అంటే ఇచ్చినవాళ్లు డిజిటల్ సంతకం పెట్టిన డేటా. అది తయారు చేయడానికి వెరామో వాడండి. టైప్‌స్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్, అప్పట్లో యూపోర్ట్ అని ఉండేది చూశారా, దాంట్లోంచి వచ్చింది. ఏజెంట్ అని ఒకటి తయారు చేసి దానికి ప్లగిన్లు తగిలించాలి: కీ మేనేజర్, డీఐడీ మేనేజర్, రిజాల్వర్, క్రెడెన్షియల్ ప్లగిన్, డేటా స్టోర్. డేటాబేస్ మొదట్లో ఎస్‌క్యూలైట్ చాలు. కీలని ఎన్‌క్రిప్ట్ చేసే సీక్రెట్ కీని వెరామో సీఎల్ఐతోనే పుట్టించొచ్చు, దాన్ని డేటాబేస్ ఉన్న మెషిన్ మీదే పెట్టకండి, తాళం చెవి గుమ్మానికి వేలాడదీసి బయటికెళ్లినట్టు ఉంటుంది.

క్రెడెన్షియల్‌లో ఏం ఉండాలి? ఇష్యూయర్ మన డీఐడీ, సబ్జెక్ట్ స్టూడెంట్ డీఐడీ, కోర్సు పేరు, పూర్తయిన తేదీ, పీడీఎఫ్ ఫైల్ షా-256 హాష్ (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది), ఇంకా ఒక సాల్ట్. సాల్ట్ అంటే ఊహించడానికి వీల్లేని 32 బైట్ల రాండమ్ విలువ, ఇది ఎందుకో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఆధార్ నంబర్ నేరుగా పెట్టట్లేదు కదా, హాష్ చేసి పెడుతున్నాం, ఇంకేం భయం అంటారు. ఆధార్ 12 అంకెలు, మొదటి అంకె 0, 1 ఉండదు, చివరిది చెక్ అంకె, అంటే మిగిలేవి 8,000 కోట్ల కాంబినేషన్లు. ఎక్కువనిపిస్తోంది కదా? ఒక మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డ్ సెకనుకి వంద కోట్లకి పైనే షా-256 హాష్‌లు లెక్కేస్తుంది. టీ తాగేలోపు మొత్తం తిరగేసేస్తుంది. పది అంకెల ఫోన్ నంబర్ అయితే ఇంకా చెప్పక్కర్లేదు. హాల్ టికెట్ నంబర్లూ అంతే, వరస నంబర్లే కదా. హాష్ చేసినంత మాత్రాన రహస్యం అయిపోదు, ఊహించగలిగిన దాన్ని హాష్ చేస్తే అది ఓపెన్‌గా పెట్టినట్టే. ఆధార్ అయితే సాల్ట్ కలిపినా కూడా క్రెడెన్షియల్‌లో పెట్టొద్దు, కోర్సు సర్టిఫికెట్‌కి దాంతో పనే లేదు.

ఇంకో తలనొప్పి తెలుగులో పేర్లు రాసేవాళ్లకి మాత్రమే వస్తుంది. సర్టిఫికెట్‌లో పేరు తెలుగులో ఉంది అనుకోండి, యూనికోడ్‌లో ఐత్వం గుర్తుని ఒకే క్యారెక్టర్‌గా రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు పెట్టి రెండు క్యారెక్టర్లుగానూ రాయొచ్చు, స్క్రీన్ మీద రెండూ ఒకేలా కనపడతాయి, హాష్ మాత్రం వేరే వస్తుంది. శైలజ గారి సర్టిఫికెట్ ఒక చోట అసలు, ఇంకో చోట నకిలీ. అందుకే హాష్ చేసే ముందు, సంతకం పెట్టే ముందు ప్రతి స్ట్రింగ్‌ని ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రాతల్ని ఒకే రూపంలోకి తేవడం) చేయండి, జావాస్క్రిప్ట్‌లో నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, ఒక్క లైన్ పని. కానీ పొల్లు తర్వాత ఒత్తు పడకుండా కీబోర్డులు పెట్టే కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది చూశారా, అది ఎన్ఎఫ్‌సీతో పోదు. దాన్ని ఉంచాలా తీసేయాలా అనేది మీరే రూల్ పెట్టుకుని డేటా ఎంట్రీ దగ్గరే అమలు చేయాలి. నా సలహా ఉంచేయండి, తీసేస్తే కొన్ని పేర్లు చూడ్డానికి మారిపోతాయి, సొంత పేరు తప్పు పడితే ఎవరికి నచ్చుతుంది చెప్పండి.

జేసన్‌ని హాష్ చేసేటప్పుడు కూడా ఇలాంటిదే, ఫీల్డ్‌ల వరస మారినా ఒక స్పేస్ ఎక్కువైనా హాష్ మారుతుంది. జేడబ్ల్యూటీ (డేటా, సంతకం కలిపి ఒకే స్ట్రింగ్‌గా వచ్చేది) ఫార్మాట్ ఎంచుకుంటే ఈ గోల తగ్గుతుంది, సంతకం పెట్టాక వచ్చిన స్ట్రింగ్‌ని ఉన్నది ఉన్నట్టు హాష్ చేస్తాం, మళ్లీ జేసన్‌గా విప్పి కట్టే పని లేదు.

స్టెప్ 4: కాంట్రాక్ట్, అదీ బుల్లిది

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎథీరియంలో కొత్త స్టోరేజ్ స్లాట్ రాయడానికి దగ్గరదగ్గర 20,000 గ్యాస్, ఒక స్లాట్‌లో పట్టేది 32 బైట్లు. 200 కేబీ పీడీఎఫ్ పెట్టాలంటే 6,400 స్లాట్లు, అంటే 12 కోట్ల 80 లక్షల గ్యాస్. మొత్తం బ్లాక్ లిమిటే చాలా ఏళ్లు 3 కోట్లు, 2025లో పెంచుకుంటూ వచ్చినా మన పీడీఎఫ్ ఒక్క బ్లాక్‌లో పట్టదు. కాబట్టి ఫైల్ పెట్టాలన్న ఆలోచన పూర్తిగా మర్చిపోండి.

500 మందికి 500 హాష్‌లు కూడా అక్కర్లేదు. మెర్కిల్ ట్రీ, అంటే హాష్‌లని జంటలుగా కలిపి మళ్లీ హాష్ చేస్తూ చివరికి ఒక్క రూట్ మిగిలేలా కట్టే చెట్టు, వాడితే బ్యాచ్ మొత్తానికి ఒకే 32 బైట్ల రూట్, ఒకే స్లాట్. ఓపెన్‌జెప్పెలిన్ వాళ్ల మెర్కిల్ ట్రీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ తీస్కుని, అందరి జేడబ్ల్యూటీ హాష్‌లు ఆకులుగా ఇస్తే రూట్ ఇస్తుంది, ఒక్కో స్టూడెంట్‌కి ప్రూఫ్ ఇస్తుంది, 500 మందికి ఆ ప్రూఫ్ మహా అయితే 9 హాష్‌లు. సొంతంగా ట్రీ రాయాలని సరదా పడకండి, ఆ లైబ్రరీ ఆకుల్ని రెండుసార్లు హాష్ చేస్తుంది, మధ్య నోడ్‌ని ఆకులా చూపించి మోసం చేయకుండా, ఇలాంటివి మనం రాసుకునేటప్పుడు తట్టవు.

కాంట్రాక్ట్‌లో ఉండాల్సింది ఇంతే: రూట్ నుంచి బ్లాక్ నంబర్‌కి ఒక మ్యాపింగ్, రద్దయిన ఆకుల మ్యాపింగ్ ఇంకోటి, రూట్ ఎక్కించే ఫంక్షన్, రద్దు చేసే ఫంక్షన్, రెండూ ఓనర్ మాత్రమే పిలవగలిగేలా. ఓపెన్‌జెప్పెలిన్‌లో ఓనబుల్ టూ-స్టెప్ వాడండి, ఓనర్‌షిప్ తప్పు అడ్రస్‌కి పోకుండా అవతలివాళ్లు ఒప్పుకుంటేనే మారుతుంది. ఎక్కించిన రూట్‌ని మళ్లీ ఎక్కించకుండా అడ్డుకోవడం తప్పనిసరి, లేదంటే పాత రూట్ బ్లాక్ నంబర్ మారిపోతుంది. ఎందుకు ఇంత పట్టుదల అంటే ఆ బ్లాక్ నంబరే మనకి చైన్ ఇచ్చే అసలు లాభం. రేపు సంతకం కీ దొంగలకి దొరికిందే అనుకోండి, వాళ్లు పాత తేదీ వేసి దొంగ సర్టిఫికెట్ తయారు చేయగలరు, సంతకం కూడా కరెక్ట్‌గానే ఉంటుంది, కానీ పాత బ్లాక్‌లో ఉన్న రూట్‌లోకి దాన్ని దూర్చలేరు. ఉత్త సంతకం పీడీఎఫ్‌కి ఈ రక్షణ ఉండదు.

రద్దు సంగతికొస్తే, యూనివర్సిటీ సైజ్ వాళ్లు బిట్‌స్ట్రింగ్ స్టేటస్ లిస్ట్ అనే డబ్ల్యూ3సీ పద్ధతి చూడండి, కనీసం 1,31,072 బిట్లు, అంటే 16 కేబీ, ఒక్కో సర్టిఫికెట్‌కి ఒక్కో బిట్. మన ఇన్‌స్టిట్యూట్‌కి ఏడాదికి ఒకటో రెండో రద్దులు ఉంటాయి, మ్యాపింగ్ చాలు.

టెస్టులు రాయండి, ఫోర్జ్ టెస్ట్ కొట్టండి. ఓనర్ కాని వాడు రూట్ ఎక్కించబోతే రివర్ట్ అవ్వాలి (అంటే ట్రాన్సాక్షన్ చెల్లకుండా వెనక్కి పోవాలి), అదే రూట్ రెండోసారి వస్తే రివర్ట్ అవ్వాలి. టెస్ట్ ఫంక్షన్‌కి పారామీటర్ ఇస్తే ఫోర్జ్ తనే 256 రకాల విలువలు పెట్టి కొట్టి చూస్తుంది, ఫ్రీగా వస్తోంది కదా వాడుకోండి. తర్వాత ఫాసెట్ (టెస్ట్ ఈథర్ ఫ్రీగా ఇచ్చే సైట్) నుంచి సెపోలియా ఈథర్ తెచ్చుకుని ఫోర్జ్ స్క్రిప్ట్‌తో డిప్లాయ్ చేసి, చైన్ మీదున్నవి చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో సోర్స్ కోడ్ వెరిఫై చేయించండి.

స్టెప్ 5: ఫైల్స్ ఎక్కడ పెట్టాలి

ఇప్పుడు ఒక్కో స్టూడెంట్‌కి ఒక మూట కట్టాలి: పీడీఎఫ్, జేడబ్ల్యూటీ, మెర్కిల్ ప్రూఫ్. దీన్ని ఐపీఎఫ్ఎస్‌లో పెడదాం, కానీ ముందు ఎన్‌క్రిప్ట్ చేసి. ఐపీఎఫ్ఎస్ ప్రైవేట్ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, కాదు, సీఐడీ (ఐపీఎఫ్ఎస్‌లో ఫైల్ అడ్రస్) తెలిసిన ఎవరైనా తీస్కోవచ్చు, మీ నోడ్ దగ్గర ఫలానా సీఐడీ ఉందని నెట్‌వర్క్ మొత్తానికి చాటింపు వేస్తుంది. మీరు అన్‌పిన్ చేసినా, అంటే మీ నోడ్‌లో దాన్ని ఉంచడం మానేసినా, ఇంకెవరో కాపీ ఉంచుకుంటే అది అలాగే ఉంటుంది.

బ్రౌజర్‌లోనూ నోడ్‌లోనూ ఉండే వెబ్ క్రిప్టోతో ఏఈఎస్-జీసీఎం 256 బిట్ కీ, ప్రతి స్టూడెంట్‌కి కొత్త కీ, ప్రతిసారీ కొత్త 12 బైట్ల ఐవీ (ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు కలిపే, ఒక్కసారే వాడే విలువ). అదే కీతో ఐవీ మళ్లీ వాడితే జీసీఎం గోడ కూలిపోయినట్టే. కీని లింక్‌లో హాష్ గుర్తు తర్వాత వచ్చే భాగంలో పెట్టండి, ఆ భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు, కాబట్టి మీ సర్వర్ లాగ్‌లలో కీ పడదు. స్టూడెంట్ ఆ లింక్ ఎవరికి ఇస్తే వాళ్లే చూడగలరు.

2023 డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం మనుషులకి తమ డేటా తుడిపేయమని అడిగే హక్కు ఉంది, చైన్ మీద రాసింది తుడవలేం, ఐపీఎఫ్ఎస్ మీద అన్ని కాపీలూ మన చేతిలో ఉండవు. ఎవరైనా అడిగితే మీ దగ్గరున్న కీ, మూట రెండూ డిలీట్ చేసి అన్‌పిన్ చేయండి, మిగిలేది కీ లేని చెత్త బైట్లు. చైన్ మీద ఉన్న రూట్ నుంచి ఎవరి పేరూ బయటికి రాదు, సాల్ట్ పెట్టాం కదా. మరీ పెద్ద ఎత్తున చేస్తుంటే లాయర్‌ని ఒకసారి అడగడం మంచిది.

ఇక పని. కూబో అనే ఐపీఎఫ్ఎస్ నోడ్ వేస్కోండి. సొంత ల్యాప్‌టాప్ అయితే ఇనిట్ చాలు, క్లౌడ్ సర్వర్ మీద అయితే ఇనిట్ చేసేటప్పుడే ప్రొఫైల్ సర్వర్ అని ఇవ్వండి, లేకపోతే నోడ్ లోకల్ నెట్‌వర్క్ అడ్రస్‌లన్నీ తడుముతుంది, అది చూసి హోస్టింగ్ వాళ్లు స్కానింగ్ చేస్తున్నారని నోటీసు పంపే ఛాన్స్ ఉంది. పోర్టుల్లో 4001 బయటికి తెరవండి, 5001 మాత్రం అస్సలు తెరవొద్దు, అది నోడ్‌ని నడిపే ఆర్‌పీసీ, దొరికినోడు మీ పిన్నులన్నీ పీకేస్తాడు.

ఫైల్ యాడ్ చేసేటప్పుడు సీఐడీ వెర్షన్ 1 అని ఇవ్వండి, ఇవ్వకపోతే క్యూఎమ్‌తో మొదలయ్యే పాత రకం వస్తుంది. ఒకే ఫైల్‌కి వెర్షన్ మారినా, ముక్కల సైజ్ మారినా సీఐడీ వేరే వస్తుంది, ఇది చాలామందికి షాక్, సీఐడీ అంటే ఫైల్ హాష్ అనుకుంటారు, కాదు, ఫైల్‌ని ముక్కలు చేసి కట్టిన చెట్టు రూట్ హాష్ అది. అందుకే క్రెడెన్షియల్‌లో పీడీఎఫ్ సొంత షా-256 విడిగా పెట్టమన్నది.

మీ ఒక్క నోడ్ మీద ఆధారపడొద్దు, పినాటా లాంటి పిన్నింగ్ సర్వీస్‌లో ఇంకో కాపీ పెట్టండి. పిన్ చేయని ఫైల్స్‌ని గార్బేజ్ కలెక్షన్ ఊడ్చేస్తుంది, నెలవారీ బిల్లు ఆపితే పిన్నింగ్ సర్వీస్ కూడా అంతే. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక కూడా ఉండాలంటే ఆర్వీవ్ ఒక దారి, ఒక్కసారే కడతారు, శాశ్వతంగా ఉంచే లెక్కతో డిజైన్ చేశారు, కానీ ఆ శాశ్వతమే డేటా తుడిపే హక్కుకి అడ్డం, ఎన్‌క్రిప్ట్ చేసింది తప్ప ఇంకేం పెట్టకండి. ఫైల్‌కాయిన్ టెరాబైట్ల లెక్కలో ఉన్నవాళ్లకి. నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఆ మూటని స్టూడెంట్ మెయిల్‌కి కూడా పంపేయడం. జీమెయిల్‌లో పడున్న 300 కేబీ ఫైల్‌ని మించిన బ్యాకప్ లేదు, ప్రూఫ్ అంతా అందులోనే ఉంది కదా.

స్టెప్ 6: వెరిఫై పేజీ

ఇది పూర్తిగా స్టాటిక్ పేజీ అయ్యుండాలి, మీ సర్వర్‌ని ఏమీ అడక్కూడదు. వియెమ్ లైబ్రరీతో చైన్ చదవండి, హీలియా వాళ్ల వెరిఫైడ్ ఫెచ్‌తో ఫైల్ తెప్పించుకోండి, అది గేట్‌వే (ఐపీఎఫ్ఎస్ ఫైల్స్‌ని వెబ్‌లో ఇచ్చే సర్వర్) ఇచ్చిన బైట్లు సీఐడీకి సరిపోయాయో లేదో బ్రౌజర్‌లోనే చూస్తుంది, మామూలు ఫెచ్ వాడితే గేట్‌వే ఏం ఇస్తే అది నమ్మినట్టు.

పేజీ చేయాల్సిన పని వరసగా: మూట విప్పాలి, జేడబ్ల్యూటీ హాష్, ప్రూఫ్ కలిపి రూట్ లెక్కేయాలి, ఆ రూట్ కాంట్రాక్ట్‌లో ఉందా, ఏ బ్లాక్‌లో ఉంది చూడాలి, ఆ బ్లాక్ నంబర్ దగ్గర ఇష్యూయర్ డీఐడీని రిజాల్వ్ చేసి అప్పటి కీతో సంతకం చూడాలి, ఇవాళ్టి కీతో కాదు, చివరిగా రద్దయిందా చూడాలి, పీడీఎఫ్ హాష్ పోల్చాలి. ఏ ఒక్కటి ఫెయిల్ అయినా ఏది ఫెయిల్ అయిందో తెలుగులో, ఇంగ్లిష్‌లో మామూలు మాటల్లో చెప్పండి. నెట్‌వర్క్ దొరక్కపోతే నకిలీ అని ఎర్ర రంగులో చూపించకండి, చూడలేకపోయాం అని చెప్పండి, ఆ తేడా వల్ల ఒకరి ఉద్యోగం పోవచ్చు.

చైన్ చదివే ఆర్‌పీసీ కూడా ఎవరిదో సర్వరే, అది అబద్ధం చెప్తే మీ పేజీ నమ్ముతుంది, అందుకే కనీసం రెండు వేర్వేరు ప్రొవైడర్లని అడిగి జవాబులు పోల్చండి.

స్టూడెంట్ కీ పోతే?

పోతుంది. ఫోన్ పోతుంది, ఫార్మాట్ కొడతారు, 12 పదాల సీడ్ ఫ్రేజ్ రాసిన కాగితం జేబులో ఉండగానే ప్యాంట్ వాషింగ్ మెషిన్‌కి వెళ్తుంది. అందుకే సర్టిఫికెట్ అసలుదా కాదా అనేది స్టూడెంట్ కీ మీద ఆధారపడకుండా పైన డిజైన్ చేశాం. ఈ సర్టిఫికెట్ నాదే అని నిరూపించుకోవాల్సినప్పుడే ఆ కీ కావాలి: వెరిఫై చేసేవాళ్లు ఒక నాన్స్ (ఒక్కసారే వాడే రాండమ్ విలువ) ఇస్తారు, స్టూడెంట్ తన కీతో ప్రజెంటేషన్ మీద సంతకం పెట్టి పంపుతాడు, ప్రతిసారీ కొత్త నాన్స్ కాబట్టి పాత సంతకం కాపీ కొట్టి వాడలేరు. కీ పోతే ఇన్‌స్టిట్యూట్ ఐడీ ప్రూఫ్ చూసి పాతది రద్దు చేసి కొత్త డీఐడీకి తర్వాతి బ్యాచ్ రూట్‌లో మళ్లీ ఇస్తుంది. దీనికి ఆఫీసులో ఒక మనిషి, ఒక ఫారం కావాలి, కోడ్ కాదు, ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడే క్లయింట్‌కి చెప్పేయండి.

ఇన్‌స్టిట్యూట్ స్టాఫ్ డ్యాష్‌బోర్డ్ లాగిన్‌కి సైన్-ఇన్ విత్ ఎథీరియం వాడొచ్చు, ఈఐపీ-4361. మెసేజ్‌లో డొమైన్, నాన్స్, చైన్ ఐడీ ఉంటాయి, ఆ మూడూ సర్వర్‌లో చెక్ చేయాలి, సంతకం ఒక్కటే చూసి లోపలికి వదిలితే ఇంకో సైట్‌లో పెట్టిన సంతకంతో మీ దాంట్లోకి దూరొచ్చు.

లైవ్‌కి వెళ్లే ముందు

మీ యాప్‌ని మీరే పగలగొట్టండి. జేడబ్ల్యూటీలో ఒక అక్షరం మార్చి చూడండి. ఒక స్టూడెంట్ ప్రూఫ్ ఇంకో స్టూడెంట్‌కి తగిలించండి. సంతకం కీని రిజిస్ట్రీలో పీకేసి పాత సర్టిఫికెట్లు ఇంకా పాస్ అవుతున్నాయా చూడండి, అవ్వాలి. అదే పీకేసిన కీతో కొత్త బ్యాచ్ చేయండి, అది ఫెయిల్ అవ్వాలి. ఇన్‌స్టిట్యూట్ సర్వర్, సొంత కూబో నోడ్, డొమైన్ మూడూ ఆపేసి వేరే ఊళ్లో ఉన్న ఫ్రెండ్ ఫోన్‌లో వెరిఫై పేజీ కాపీ ఓపెన్ చేయించండి, పాస్ అవ్వకపోతే మీరు చేసింది మామూలు వెబ్‌సైటే.

మెయిన్‌నెట్‌కి (నిజం డబ్బు నడిచే అసలు చైన్‌కి) వెళ్లాలంటే బ్యాచ్‌కి ఒక ట్రాన్సాక్షనే కాబట్టి ఎథీరియం మీదే పెట్టినా భరించగలిగే ఖర్చే, ఇంకా తగ్గాలంటే బేస్, ఆర్బిట్రమ్ లాంటి లేయర్-2లు (ఎథీరియం మీద కట్టిన చైన్లు) ఉన్నాయి, 2024 మార్చి అప్‌గ్రేడ్ తర్వాత వాటి ఫీజులు బాగా దిగాయి. కానీ వేరే చైన్‌కి మారేటప్పుడు డిడ్-ఈథర్ రిజిస్ట్రీ అక్కడ ఉందో లేదో ముందు చూస్కోండి, బ్లాక్ నంబర్లు చైన్‌కి చైన్‌కి వేరు, డీఐడీ ఒక చైన్ మీద రూట్లు ఇంకో చైన్ మీద పెడితే మన పాత కీ లెక్క పని చేయదు, రెండూ ఒకే చైన్ మీద ఉంచండి. డిప్లాయ్ అయ్యాక కాంట్రాక్ట్ ఓనర్‌షిప్‌ని సేఫ్ మల్టీసిగ్‌కి మార్చి ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకుంటేనే రూట్ ఎక్కేలా పెట్టండి.

ఇంకా ప్రింటర్ వాళ్లతో మాట్లాడి పేపర్ సర్టిఫికెట్ వెనకాల చిన్న అక్షరాల్లో చైన్ పేరు, చైన్ ఐడీ, కాంట్రాక్ట్ అడ్రస్ వేయించండి. క్యూఆర్ కోడ్ ఎలాగూ ముందువైపు ఉంటుంది, కానీ క్యూఆర్‌లో ఉండేది మీ డొమైన్ లింకే కదా.